కుందేళ్ళు దాటని దడి

ఆ దుప్పటి కాళ్ళ కిందికి లాక్కో. తల దిండు మీద సరిగ్గా పెట్టు. ఊఁ కొడుతూ ఉండాలి, లేకపోతే నేనూ మధ్యలో ఆపేసి పడుకుంటాను. ముందే చెబుతున్నా, తర్వాత నన్ననొద్దు.

అనగనగా సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక వీధి. ఆ వీధిలో ఇరవై ఇళ్ళు. ఇరవై ఇళ్ళలోనూ మగ్గాలే. నేలలో గుంట తీసి, ఆ గుంటలోకి కాళ్ళు దించుకుని కూర్చుని, కాళ్ళతో చెక్కలు తొక్కుతూ నేసే మగ్గాలు. తెల్లారితే చాలు, వీధంతా టకటకా టకటకా ఒకటే చప్పుడు.

ఆ వీధిలో రంగనాయకులని ఒక నేతగాడు ఉండేవాడు. మంచి పనివాడే. కాకపోతే తనకి చేతకాని పని లోకంలో లేదనుకునే రకం. మీ తాతయ్య ఫ్యాను బాగుచేస్తానని కూర్చుంటాడు చూడు, అలాగన్నమాట. రంగనాయకులి భార్య ఆండాళమ్మ. ఆవిడకి నోరు కాస్త ఎక్కువ. నా అంత కాదులే. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా వాళ్ళకి పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరు మనుషులు, ఒక మగ్గం, అంతే.

అలా ఉండగా, ఆ ఊరి చేనేత సొసైటీలో పనిచేసే గుమాస్తాకి వేరే ఊరు బదిలీ అయింది. ఆయన తన పిల్లల సరదా కోసం మూడు కుందేళ్ళు తెచ్చి పెంచాడు. వాటిని బస్సెక్కించనన్నాడు కండక్టరు. అప్పుడు ఆయన పరుగున వచ్చి, బుట్టతో సహా తెచ్చి రంగనాయకులి చేతిలో పెట్టాడు. రెండ్రోజులు చూస్తూ ఉండు, మళ్ళీ వచ్చి పట్టుకుపోతానన్నాడు. ఆ రెండ్రోజులు ఇప్పటికీ అవలేదు.

రంగనాయకులు వాటికి పేర్లు పెట్టాడు. తెల్లగా ఉన్నది దూది. సన్నగా ఉండి, ఒక్కచోట నిలవకుండా అటూ ఇటూ దూకేది నాడె. మగ్గంలో దారం పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తే చెక్కని నాడె అంటారు, అందుకని. గోధుమరంగులో బొద్దుగా ఉన్నది కండె. కండె అంటే ఆ నాడె కడుపులో పెట్టే దారం చుట్ట. మధ్యలో లావుగా ఉంటుందిలే.

ఆండాళమ్మ మాత్రం ఒక్క పేరూ పలికేది కాదు. ఆవిడకి అవి మూడూ ఉత్త చెవులపిల్లులు. వంటింటి గడప తొక్కితే ఒక్కదాన్నీ ఉంచనని మొదటిరోజే చెప్పేసింది.

కుందేళ్ళకి వంటిల్లు అక్కర్లేదు. వాటికి మగ్గం గుంట నచ్చింది. చల్లగా, చీకటిగా ఉంటుంది కదా. మూడూ వెళ్ళి అందులో రంగనాయకులి పాదాల మీద పడుకునేవి. అవి నిద్రపోతుంటే చెక్క తొక్కడానికి అతనికి మనసొప్పేది కాదు. కాళ్ళు కదపకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అవి ఎప్పుడు లేస్తాయా అని కూర్చునేవాడు. వారానికి రెండు చీరలు నేసేవాడు కాస్తా, వారానికి ఒక కొంగు నేశాడు.

ఇంతవరకూ అది ఇంటి గొడవ. ఆ తర్వాత వీధి గొడవ అయింది. ఎలాగో చెబుతా విను.

మగ్గం మీద నిలువునా సాగే దారాలని పడుగంటారు. నేసే ముందు ఆ పడుగుకి గంజి పెట్టాలి, లేకపోతే దారం తెగిపోతుంది. పొద్దున్నే పడుగుని వీధి పొడుగునా కర్రల మీద సాగదీస్తారు. బియ్యపు గంజిలో కాస్త కొబ్బరినూనె కలిపి, పెద్ద కుంచెతో పులుముతారు. ఆరోజు ఎదురింటి కోటిలింగం పడుగు సాగదీశాడు. గంజి పులిమాడు. కాఫీ తాగొద్దామని లోపలికి వెళ్ళాడు.

అప్పుడు రంగనాయకులి ఇంటి తలుపు తీసి ఉంది. మూడు కుందేళ్ళూ వీధిలోకి వచ్చాయి. వాసన చూశాయి. అవి పడుగు తినలేదమ్మా, గంజే తిన్నాయి. అయితే గంజి దారాలకి అంటుకుని ఉంది కాబట్టి దారాలతో సహా తిన్నాయి. కోటిలింగం కాఫీ తాగి వచ్చేసరికి పడుగు మధ్యలో పెద్ద కిటికీ ఉంది. ఆ కిటికీలోంచి దూది అతన్నే చూస్తోంది, నోట్లో దారం నములుతూ.

తెగిన దారాలన్నీ ఒక్కొక్కటీ మళ్ళీ అతకాలి. రెండ్రోజులు కూర్చుని ఆండాళమ్మే అతికింది. అతుకుతున్నంతసేపూ కుందేళ్ళని తిట్టింది, మొగుణ్ణి తిట్టింది, గుమాస్తాని తిట్టింది, ఆ ఎవరో తెలియని బస్సు కండక్టరుని కూడా తిట్టింది.

కోటిలింగం అరిచే మనిషి కాదు. రంగనాయకుల్ని బావా అని పిలుస్తాడు. చుట్టరికమేం లేదు, వీధి వరస. అతను వచ్చి అరుగు మీద కూర్చుని, నెమ్మదిగా ఒక మాట చెప్పాడు.

"పదిరోజుల్లో అమావాస్య, బావా. ఆరోజు మనమెవరం మగ్గం తొక్కం, అందరం ఖాళీగానే ఉంటాం. పొద్దున్నించి పొద్దుగూకేదాకా నీ కుందేళ్ళు నువ్వు కట్టిన దడిలో ఉన్నాయా, నేనిక నోరెత్తను. ఒక్కటి బయటికొచ్చినా మూడింటినీ మా సాంబయ్యకిచ్చేస్తాను."

సాంబయ్య అతని బావమరిది. అమావాస్యకి వస్తున్నాడు. ఏంటీ, సాంబయ్య పెంచుకుంటాడా అంటున్నావా? పెంచుకోడు తల్లీ. ఏ జీవాన్ని చూసినా దీనికి మసాలా ఎంత పడుతుందా అని లెక్కేసే మనిషి సాంబయ్య. భయపడకు, చెయ్యి ఇలా పట్టుకో. కథ ఇంకా చాలా ఉంది.

రంగనాయకులు సరేనని మాటిచ్చాడు. మర్నాడు పొద్దున్నే లేచి పెరట్లో దడి కట్టడం మొదలుపెట్టాడు.

మొదటి దడి వెదురుది. చూడ్డానికి ఎంత బాగా కట్టాడో. వెదురు బద్దలు చీల్చి, నున్నగా గీకి, చీర అంచు తీర్చినట్టు సమానంగా నిలబెట్టాడు. ఇక బద్దకీ బద్దకీ కట్లు కట్టాలి. ఇనప తీగ తెచ్చుకోమంది ఆండాళమ్మ. రంగనాయకులికి రోషం వచ్చింది. నేతగాడి ఇంట్లో కట్టు కట్టడానికి తీగెందుకన్నాడు. మగ్గం మీద మిగిలిపోయిన పడుగు ముక్కలు చూరులో దోపి ఉన్నాయి. ఆ దారాలనే పేనాడు, వాటితోనే బిగించాడు. ఏనుగు లాగినా ఊడని ముడి వేశాడు, ఒకటి కాదు, నూట ఎనభై ముడులు.

వీధి వీధంతా వచ్చి చూసింది. వాళ్ళూ నేతగాళ్ళేగా, బద్దల్ని ఎవరూ చూడలేదు. ముడుల్ని చూసి మెచ్చుకున్నారు. రంగనాయకులు కుందేళ్ళని లోపల వదిలి, తోటకూర కట్ట వేసి, మీసం సవరించుకుని పడుకున్నాడు.

పొద్దున్నే లేచి చూస్తే దడి లేదు. బద్దలన్నీ నేల మీద పడుకుని ఉన్నాయి. తోటకూర కట్ట పెట్టింది పెట్టినట్టే ఉంది. దూది మధ్యలో కూర్చుని నూట ఎనభయ్యో ముడి తింటోంది.

ఎందుకో చెప్పు చూద్దాం? ఆఁ, గంజి. పడుగు దారాలకి గంజి ఉంటుందిగా. అన్నం ముద్దలతో గోడ కట్టి, దాని మధ్యలో ఆకలిగా ఉన్నవాణ్ణి కూర్చోబెట్టాడు మహానుభావుడు. ఆ వీధిలో ఇరవై ఇళ్ళవాళ్ళు చూశారు కదా, ఒక్కరికైనా తట్టలేదు. పుట్టినప్పట్నించీ గంజి వాసనలోనే బతుకుతున్న ముక్కులు వాళ్ళవి, వాళ్ళకిక దాని వాసనేం తెలుస్తుంది.

కోటిలింగం లేవకముందే ఆండాళమ్మ మూడింటినీ ఏరుకొచ్చి గంప కింద పెట్టింది. తోటకూర తీసుకెళ్ళి పులుసు పెట్టింది.

అప్పుడు రంగనాయకులు సైకిలు మీద పక్క ఊరు వెళ్ళాడు. ఇనప జాలీ చుట్ట ఒకటి తెచ్చాడు. బొటనవేలు పట్టనంత చిన్న కన్నాల జాలీ. ఈసారి ఇనప తీగతోనే కట్టాడు, ఆండాళమ్మ వైపు చూడకుండా. నడుమెత్తు గోడ లేచింది. దూది ఒక మూల జాలీ కొరికి చూసింది. దానికి నచ్చలేదు. మొహం తిప్పేసుకుంది.

రంగనాయకులు హాయిగా మగ్గమెక్కాడు. ఒకరోజు గడిచింది, రెండ్రోజులు గడిచాయి, కుందేళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. మూడోరోజు అతను నేస్తూ ఉండగా గుంటలో పాదం మీద కాస్త మట్టి రాలింది. దులుపుకున్నాడు. మళ్ళీ రాలింది. ఎలకేమో అనుకుని కాలితో తన్నాడు. ఆ తర్వాత ఏదో చల్లగా, తడిగా, మెత్తగా పాదానికి తగిలింది. వంగి చూశాడు. గుంట గోడలోంచి రెండు చెవులు, ఒక ముక్కు, ముక్కు మీద మట్టి.

కండె! పెరట్లో జాలీ గోడ మొదట్లో తవ్వడం మొదలుపెట్టి, దాని కిందనించి, ఇంటి గోడ కిందనించి, తిన్నగా మగ్గం గుంటలోకి తేలింది. ఇసక నేల కదా, ఇట్టే తవ్వుకుపోయింది. దాని వెనకాలే నాడె వచ్చింది, దాని వెనకాల దూది వచ్చింది. మూడూ ఎప్పట్లాగే అతని పాదాల మీద పడుకున్నాయి.

వేరే ఎవరైనా అయితే నెత్తి కొట్టుకుంటారు. రంగనాయకులు కళ్ళు తుడుచుకున్నాడు. నన్ను వెతుక్కుంటూ వచ్చాయే అన్నాడు. ఆండాళమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, వెతుక్కుంటూ వచ్చినవి వచ్చినట్టే సాంబయ్య పళ్ళెంలోకి వెళతాయి, అప్పుడు నువ్వు వెతుక్కుందువుగాని అంది. అంది గానీ, లోపలికెళ్ళి కాసేపు బయటికి రాలేదు.

ఇక నాలుగు రోజులే ఉన్నాయి.

మూడోసారి రంగనాయకులు తవ్వుడు సంగతే చూశాడు. ఊరంతా తిరిగి పాత ఇటికలు పోగేశాడు. విరిగిన రోలు, అరిగిన తిరగలి రాయి, కోటిలింగం వాళ్ళ పాత గుమ్మం రాయి, ఏది దొరికితే అది మోసుకొచ్చాడు. జాలీ గోడ మొదట్లో లోపలి వైపు చుట్టూ పేర్చాడు. ఒక వరసకి నమ్మకం చాలక రెండో వరస, దాని మీద మూడో వరస. నడుం పట్టేసింది. ఆముదం రాసుకుని పడుకున్నాడు. కండె తవ్వడానికి వచ్చి, రాళ్ళు చూసి, ఊరుకుంది.

నాడె ఊరుకుంటుందా? నడుమెత్తు గోడని నేల మీదినించి దూకడం దాని వల్ల కాదు. ఇప్పుడు మూడు వరసల మెట్లు కట్టిపెట్టాడుగా ఆయన. అమావాస్య రేపనగా, పొద్దున్నే, నాడె మొదటి మెట్టెక్కింది, రెండో మెట్టెక్కింది, మూడో మెట్టు మీదినించి ఒక్క దూకు దూకింది. సందులోంచి పరిగెత్తి వీధిలోకి వచ్చింది.

సరిగ్గా అప్పుడే సాంబయ్య బస్సు దిగి వీధిలోకి వస్తున్నాడు. చేతిలో ఒక సంచి. సంచిలో శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, ధనియాలు, అన్నీ విడివిడిగా పొట్లాలు కట్టి ఉన్నాయి. తన మసాలా తనే దంచుకుంటాడు, ఇంకొకళ్ళది వాడడు. అతని కాళ్ళ దగ్గరికి కుందేలు దానంతటదే వచ్చి నిలబడింది. సాంబయ్య వంగి చెవులు పట్టుకుని పైకెత్తి, బరువు చూశాడు.

ఆండాళమ్మ వాకిలి ఊడుస్తోంది. చీపురు చేతిలో ఉండగానే వెళ్ళింది. రేపు పొద్దుగూకేదాకా ఇది మాది, అయినా చెవులు పట్టుకుని ఎత్తితే నీకైనా నొప్పి పుట్టదా అని అడిగింది. చీపురు చూసి సాంబయ్య కుందేల్ని ఇచ్చేశాడు. ఆండాళమ్మ దాన్ని రెండు చేతులతో అడుగున పట్టుకుని ఇంటికి తెచ్చింది. దాని గుండె టకటకా కొట్టుకుంటోంది. ఆవిడ గుండె కూడా.

రంగనాయకులు అరుగు మీద తల పట్టుకు కూర్చున్నాడు. అప్పుడు ఆండాళమ్మ వెళ్ళి దడి లోపల కూర్చుంది. పీట వేసుకుని, బుట్టెడు చిక్కుడుకాయలు ముందు పెట్టుకుని, ఈనెలు తీస్తూ కూర్చుంది. ఏం చేస్తున్నావే అని మొగుడు అడిగితే, ఇన్నాళ్ళూ నువ్వు బయట నిలబడి కట్టావు, లోపల ఉండేవాళ్ళకి ఎలా ఉంటుందో చూద్దామనంది.

మధ్యాహ్నం దాకా చూసింది. దూది తీగని కొరకదు, కదిలేదాన్నీ వదులుగా ఉన్నదాన్నీ కొరుకుతుంది. నాడె దేన్నయినా ఎక్కితేనే దూకుతుంది. కండె ఉంది చూశావూ, అది ఒక ఇటిక పక్కకి జరిగిన చోట తవ్వుతోంది. ముక్కు గోడకి ఆనించి, గోడ మొదట్లోనే తవ్వుతుంది. ఒక అడుగు వెనక్కి వచ్చి తవ్వుదామని దానికి తోచదు. అక్కడ గట్టిగా ఏదైనా గోళ్ళకి తగిలితే, గోడ వెంటే ఇంకోచోటికి పోతుంది, మళ్ళీ ముక్కు గోడకే.

ఆండాళమ్మ లేచి కొంగు దులుపుకుంది. మొగుణ్ణి పిలిచి పని చెప్పింది. రాళ్ళన్నీ తీసి బయట పడేయమంది. చీర కుచ్చెళ్ళు నేలకి ఆని పరుచుకున్నట్టు, జాలీ గోడ కింద ఇంకో జాలీ మూరెడు వెడల్పున లోపలికి పరిచి, గోడతో కలిపి తీగతో కుట్టేయమంది. దాని మీద బెత్తెడు మట్టి పొయ్యమంది. పైన కూడా జాలీ కప్పు వెయ్యమంది, నాడె పోకుండా, గద్దలూ పిల్లులూ రాకుండా. సగం కప్పు మీద నీడకి తాటాకులు. తలుపుకి రెండు గడియలు, ఒకటి పైన, ఒకటి కింద.

ఇదంతా ముందే చెప్పొచ్చుగా అన్నాడు రంగనాయకులు. నన్నడిగావా అంది ఆండాళమ్మ. అతను వెళ్ళి చుట్టలో మిగిలిన జాలీ తెచ్చాడు. వీపు వంచి పొద్దుగూకేదాకా పనిచేశాడు. కుందేళ్ళ కోసం ఒక చెక్కపెట్టె కూడా లోపల పెట్టి, అందులో ఎండుగడ్డి వేశాడు.

ఆ తర్వాత అమావాస్య వచ్చింది. మగ్గాలు ఆగాయి. ఇరవై ఇళ్ళవాళ్ళూ చాపలు పట్టుకుని రంగనాయకులి పెరట్లోకి వచ్చేశారు. సాంబయ్య తెలివైనవాడు. వేడివేడి గంజి గిన్నె ఒకటి తెచ్చి, జాలీకి జానెడు దూరంలో బయట పెట్టాడు. పెట్టి విసనకర్రతో వాసన లోపలికి విసిరాడు.

అందరూ ఊపిరి బిగబట్టారు. దూది వచ్చింది, తీగ కొరికింది, కొరికింది, దవడ నొప్పి పుట్టి కూర్చుంది. నాడె పెట్టె పైకెక్కి దూకింది. కప్పుకి తల తగిలి కింద పడి, నన్నెవరు కొట్టారన్నట్టు అందరి వంకా చూసింది. ఆ తర్వాత రెండూ కలిసి గోడ మొదట్లో తవ్వాయి. బెత్తెడు మట్టి పోయింది, కింద ఇనుము తగిలింది. పక్కకి వెళ్ళి తవ్వాయి, అక్కడా తగిలింది. చుట్టూ తిరిగి మొదటికొచ్చాయి. వీధివాళ్ళు చప్పట్లు కొట్టారు. కోటిలింగం కూడా కొట్టి, మళ్ళీ గుర్తొచ్చి ఆపేశాడు.

ఇంతసేపూ ఆండాళమ్మ లోపలే ఉంది. పొద్దున్న ఆకులు వేయడానికి వెళ్ళి, చెక్కపెట్టె మూతికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. ఇక లేవలేదు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది. నోరు విప్పితే మూసే మనిషి కాదు కదా, ఆరోజు ఎవరితోనూ మాట్లాడలేదు. దడి గెలవాలని మొక్కుకుని మౌనం పట్టిందేమో అనుకున్నారు.

పొద్దు వాలింది. నీడలు పొడుగయ్యాయి. అప్పుడు సాంబయ్య లేచి కుందేళ్ళని లెక్కపెట్టాడు. దూది ఒకటి. నాడె రెండు. మూడోది లేదు. ఇంకోసారి లెక్కపెట్టాడు. రెండే ఉన్నాయి.

మూడోది ఏది బావా అని అడిగాడు కోటిలింగం. రంగనాయకులు దడి చుట్టూ తిరిగాడు. జాలీ తడిమాడు, తీగలు తడిమాడు, గడియలు చూశాడు. ఎక్కడా కన్నం లేదు. కానీ కండె కూడా కనబడలేదు. పొద్దున్నించీ దాన్ని ఎవరూ చూడలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. రంగనాయకులి మొహం పాలిపోయింది. ఏదో దోవన వెళ్ళిపోయిందనే అనుకున్నాడు పాపం. భుజం మీది తువ్వాలు తీసి కళ్ళకి అద్దుకుని, మాటిచ్చాను, మిగతా రెండింటినీ పట్టుకెళ్ళండి అన్నాడు. నాకూ ఏడుపొస్తోంది చూడు, ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడింతే.

సాంబయ్య గడియ మీద చెయ్యి వేశాడు.

అప్పుడు ఆండాళమ్మ పీట మీదినించి లేచింది. లేచి, వేలు నోటికి అడ్డంగా పెట్టి, చెక్కపెట్టె మూతి దగ్గరనించి పక్కకి జరిగింది. అందరూ జాలీకి మొహాలు ఆనించి చూశారు. పెట్టెలో కండె పడుకుని ఉంది. తన పొట్ట మీది బొచ్చు తనే పీక్కుని, ఎండుగడ్డి మీద పరుపులా వేసుకుంది. ఆ బొచ్చులో ఏవో కదులుతున్నాయి. చిక్కుడుగింజలంత మెత్తగా, ఎర్రగా, కళ్ళు కూడా తెరవనివి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు.

బొద్దుగా ఉందంటే తిండి ఎక్కువై అనుకున్నారు అందరూ. తవ్విందంటే పారిపోవడానికి అనుకున్నారు. అది పారిపోలేదమ్మా. పిల్లల్ని కనడానికి చాటు వెతుక్కుంది.

ఆండాళమ్మ గొంతు పెంచకుండా మాట్లాడింది. అదీ ఆవిడకి కొత్తే.

"పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకి మా ఇంట్లో పురుడొచ్చింది, కోటిలింగం. ఇదే మొదటిది. బాలింత దగ్గరికి ఎవరొస్తారో రండి, నేనిక్కడే కూర్చుంటాను."

ఎవరూ కదల్లేదు. కోటిలింగం తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. మూడు ఉండాలన్నాను, తొమ్మిది ఉన్నాయి, బయటికైతే ఒక్కటీ రాలేదు, ఇక నాదేం లేదు బావా అన్నాడు. బాలింత ఉన్న గుమ్మంలోంచి ప్రాణం తీసుకెళ్ళే ఆచారం మన వీధిలో లేదని బావమరిదికి చెప్పాడు.

సాంబయ్య గడియ మీదినించి చెయ్యి తీశాడు. సంచి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆండాళమ్మ జాలీ లోపల్నించే ఆ సంచిలో ఏముందని అడిగింది. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు అని చెప్పాడు. పురిటింట్లో కాయం చెయ్యడానికి కావలసినవి అవేగా, ఇంక బెల్లం, నెయ్యి చాలు, వెళ్ళి పొయ్యి వెలిగించు అంది. కాయం అంటే బాలింతలకి పెట్టే కారపు ఉండ. మీ అమ్మ నిన్ను కన్నప్పుడు నేను కుండెడు చేసి పెట్టాను. పాపం సాంబయ్య, మసాలా దంచుదామని వచ్చినవాడు, రోలు ముందు కూర్చుని కాయం దంచాడు. కుందేలు కాయం తినదు కదా, వీధి వీధంతా తలా ఒక ఉండ తింది. ఘాటుకి సాంబయ్య కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. కాయం బాగా కుదిరిందని అతనే రెండోది తీసుకున్నాడు.

ఏంటీ, పిల్లల నాన్న ఎవరా? నాడె అయి ఉంటుందిలే. కళ్ళు తెరిచినప్పట్నించీ ఆరూ పెట్టెలో ఒక్కచోట పడుకుంటే ఒట్టు.

జనమంతా వెళ్ళిపోయాక రంగనాయకులు కంచంలో అన్నం కలుపుకుని వచ్చాడు. పై గడియ తీసి, కింది గడియ తీసి, లోపలికెళ్ళి, మళ్ళీ రెండూ వేసి, భార్య పక్కన కూర్చున్నాడు. నీకు చెవులపిల్లులంటే గిట్టదుగా, పొద్దున్నించీ అన్నం కూడా తినకుండా కూర్చున్నావేమే అన్నాడు.

గిట్టదు, ఇప్పటికీ గిట్టదు అంది ఆండాళమ్మ. అని, అతను పెట్టిన ముద్ద నోట్లో పెట్టుకుని, కండె వైపు తిరిగి, "కండెమ్మా, కాస్త పక్కకి జరుగు తల్లీ, చిన్నది కింద నలుగుతోంది" అంది. పేరుపెట్టి పిలవడం ఆవిడకి అదే మొదలు.

ఇంక కళ్ళు మూసుకో. ఈ చివర మాత్రం నాతోపాటు అను.

దూది తిన్నది దారం ముడి,
నాడె దూకెను దబ్బున దడి,
కండె కన్నది ఆరుగురు,
కాయం తిన్నారు వీధివారు.
కథేమో నడిచి కంచి చేరె,
నిద్రేమో వచ్చి నీ రెప్ప చేరె,
గడియలు రెండూ వేశానమ్మా,
మనమూ మనింట్లో పడుకుందామమ్మా.